ఆక్సైడ్ ఊరికే పీట కాదు
ఉత్ప్రేరకాల (రసాయన చర్యల్ని వేగం చేసే పదార్థాల) మీద మీ వ్యాసంలో, ప్లాటినం లాంటి లోహమే పనంతా చేస్తుందని, కింద ఉన్న ఆక్సైడ్ దాన్ని పరిచి ఉంచే పీట మాత్రమేనని రాశారు. సిలికా (సిలికాన్ ఆక్సైడ్) వరకైతే చాలామటుకు సరే, టైటానియా (టైటానియం ఆక్సైడ్) దగ్గర ఆ మాట నిలవదు. పీహెచ్‌డీ రోజుల్లో టైటానియా మీద ప్లాటినం ఎక్కించి, హైడ్రోజన్‌లో 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేశాను. తర్వాత కొలిస్తే ఆ ప్లాటినం హైడ్రోజన్‌ను దాదాపు పట్టుకోనే లేదు. గ్యాస్ లైన్ లీకేమోనని రెండు రోజులు ఒకటే టెన్షన్, ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి చూశాను. రేణువులు ముద్దకట్టాయా అంటే, మైక్రోస్కోపులో సైజు అలాగే ఉంది. అదే శాంపిల్‌ని ఆక్సిజన్‌లో కాల్చి, ఈసారి హైడ్రోజన్‌లో వేడిని 200 దగ్గరే ఆపితే మళ్లీ మామూలైపోయింది! ఆక్సిజన్ కొంత పోగొట్టుకున్న టైటానియా పల్చటి పొరలా లోహం మీదికి పాకడమే కారణం. ఈ తీరును 1978లోనే టౌస్టర్ అనే శాస్త్రవేత్త బృందం రాసింది, పొర సంగతి ఆ తర్వాత తేలింది. మా గైడ్ ఆ పేపర్ చేతిలో పెట్టేదాకా నాకు వెలగలేదు. ఇక పెట్రోలు కార్ల పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లో సీరియా (సీరియం ఆక్సైడ్) ఆక్సిజన్‌ను దాచుకుని, పొగలో అది తగ్గినప్పుడు లోహానికి అందిస్తుంది. దాన్నీ పీటే అంటారా?