దలాల్ స్ట్రీట్‌లో ఎద్దు, కోవూరులో పుట్టి

మా మేడమీద గదిలో అద్దెకుంటున్న ఎంబీఏ ఫైనాన్స్ కుర్రవాడు ముంబయి అధ్యయన యాత్ర ముగించుకొని నెల్లూరు చేరి వారం దాటింది. మెడలో నీలం తాడు, దానికి గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వీధి చివర పాల ప్యాకెట్టుకు వెళ్ళినా తీయడు. గదిలో తోటివాడు రెండు వందలు బదులడిగితే, లిక్విడిటీ టైటుగా ఉందని సెలవిచ్చాడట.

యాత్రల మహిమను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. పరిశ్రమ పెద్దల నోట, విధానకర్తల నోట విన్నప్పుడే ఆర్థిక శాస్త్రం ఒంటబడుతుందని కళాశాలవారు కరపత్రంలో అచ్చువేశారు కూడా. అందుకని పిలకాయల్ని ముందుగా దలాల్ స్ట్రీట్‌కు తీసుకెళ్ళారు. 1875లో పుట్టిన అక్కడి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో బ్రోకర్లు గొంతు చించుకొని బేరాలాడే రింగు ఒకప్పుడు ఉండేది. 1995లో వ్యాపారం కంప్యూటర్ తెరల మీదికి మారిపోయాక, చూడవచ్చినవారికి మిగిలింది, పెరిగే మార్కెట్‌కు గుర్తుగా నిలబెట్టిన కంచు ఎద్దు. ఒంగోలు గిత్తల గడ్డకు ఆనుకొని పుట్టినవాళ్ళు, రైల్లో రాత్రింబగళ్ళు కూర్చొని వెళ్ళి, మేత మేయని ఎద్దు పక్కన అరవై మందీ విడివిడిగా ఒకసారి, గుంపుగా ఒకసారి ఫోటోలు దిగారు.

మరునాడు నిపుణుడితో ముఖాముఖి. షేర్ మార్కెట్లను అదుపు చేసే సంస్థ సెబీ 1988లో ఏర్పడిందనీ, 1992లో దానికి చట్టబద్ధ అధికారాలు వచ్చాయనీ ఆయన చెప్పాడు. నాకు గైడు పుస్తకంలో అదే దొరికింది, కాకపోతే ఏసీ లేదు. సందేహాలు అడగమంటే హాలంతా నిశ్శబ్దం. చివరికి ఒకడు లేచి, 'సర్, మీ ప్యాకేజీ ఎంత?' అన్నాడు. ఎవరూ నవ్వలేదు, అందరి సందేహమూ అదే గనుక.

తర్వాత గ్రామీణ రుణాల తెర వెలిగింది. 3 లక్షల దాకా పంట రుణం 7 శాతానికి, సకాలంలో కడితే 4 శాతానికే పడుతుంది. అప్పుడు మా కుర్రవాడు లేచి, 'మా నాయన మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు సర్' అన్నాడు. నిపుణుడి ముఖం విప్పారింది. 'మూడు శాతమా? వెరీ అట్రాక్టివ్! బ్యాంకు కంటే నయమే!' అని చప్పట్లు కొట్టించాడు. మూడు రూపాయలంటే నూటికి నెలకు మూడు, ఏడాదికి 36 అని ఆ హాల్లో తెలిసినవాళ్ళు అరవై మంది ఉన్నారు. పెద్దాయన మాట కొట్టేయడం మర్యాద కాదని అరవై మందీ చప్పట్లు కొట్టారు. మావాడు నోటుపుస్తకంలో 'అట్రాక్టివ్' అని రాసి కింద గీత గీశాడు. ఆ గీత నేను చూశాను.

వాడి నాయన కోవూరు వైపు మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. పాసుపుస్తకం హైదరాబాదులో ఉండే ఆసామిది. ఆ మడి మీద 4 శాతం అప్పు, కాలికి బురద అంటని ఆయనకు. అదే మడిలో దిగినవాడికి 36. కౌలుదారుకు పంట రుణం అందేలా సాగు హక్కు కార్డు ఇవ్వడానికి 2019లో చట్టం తెచ్చారు. అయితే ఆసామి సమ్మతించాలి. భూమి పోతుందేమోనని ఆసామి సంతకం పెట్టడు, సంతకం లేదని బ్యాంకువాడు తలెత్తడు. పంట చేతికొస్తే వడ్లు కొలిచే పుట్టికి 850 కిలోలని జిల్లా అంతా ఎరిగిన లెక్క కూడా కళ్ళంలో సాగదు; తేమ ఉందని దళారి మరికొన్ని కిలోలు కాటాలో వేయించుకుంటాడు. ఇది దోపిడీ. దీనికి హెడ్జింగ్, అదే నష్టానికి ముందుగా కాపు కాయడం, ఎక్కడ చేస్తారు, ఏ సెమిస్టరులో చెబుతారు? ఆ నాయన ముందు నిలబడి 'మూడు రూపాయలు అట్రాక్టివ్' అనగల మొనగాడుంటే కోవూరు బస్సు ఛార్జీ నేనే పెట్టుకుంటాను!

యాత్ర రుసుము 22 వేలు. నాయన దాన్ని కూడా ఆ షావుకారు దగ్గరే, ఆ మూడు రూపాయలకే తెచ్చాడు. నెలకు 660. కోతలకు ఇంకా నాలుగు నెలలుంది. గోడమీద మేకుకు సర్టిఫికెట్టు వేలాడుతోంది.