ఆ "ముట్టుకోవద్దు" అట్టముక్క తీసేయండి

ఇంటర్ బైపీసీ ప్రాక్టికల్స్ జరిగే గదులు మీలో చాలామంది చూసే ఉంటారు. బల్ల మీద వరసగా మైక్రోస్కోపులు ఉంటాయి. ప్రతిదాంట్లో స్లైడు పెట్టి, పొద్దున్నే ఎవరో ఫోకస్ చేసి ఉంచుతారు. పక్కన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "ముట్టుకోవద్దు" అని రాసి ఉంటుంది. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, ఒక కన్ను పెట్టి చూసి, స్పాటర్ (గుర్తుపట్టమని పెట్టిన నమూనా) పేరు రాసేసి పక్కకు జరుగుతారు. కొందరు ఆ కన్ను కూడా పెట్టరు. మూడో బల్ల మీద ఏ స్లైడు ఉందో ముందు బ్యాచ్ వాళ్లు బయట చెప్పేసి ఉంటారు.

నేను బాటనీ చెబుతాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చాలా కాలేజీలకు వెళ్లాను. రికార్డులు తెరిస్తే ముచ్చటేస్తుంది. సన్నని పెన్సిల్ గీతలు, చుక్కల షేడింగ్, స్కేలు పెట్టి రాసిన పేర్లు. అంత బాగా గీసిన అమ్మాయినే పిలిచి "ఈ స్లైడు నువ్వే పెట్టి చూపించమ్మా" అంటే చెయ్యి ముందుకు రాదు. "మమ్మల్ని ఎప్పుడూ ముట్టనియ్యలే మేడమ్" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. బొమ్మ పుస్తకంలోంచి దిగింది, కణం మాత్రం ఆ పిల్ల కళ్లలోకి ఒక్కసారి కూడా దిగలేదు.

నేను అడిగేది ఒక్కటే. ఫోకస్ చేసి పెట్టిన మైక్రోస్కోపును పిల్లల ముందు పెట్టడం మానేద్దాం. సెట్ చేయడమే అసలు పాఠం. స్పాటర్ పేరుకు కాదు, దాన్ని తన చేతులతో కనిపించేలా చేసినందుకు మార్కులిద్దాం.

"కనిపిస్తలేదు మేడమ్, లెన్స్ పాడైంది" అని ప్రతి ఏటా వింటాను. తీసి చూస్తే నూటికి తొంభై సార్లు లెన్స్ బాగానే ఉంటుంది. నమూనా మీద కప్పే పలుచని గాజు బిళ్ల, అంటే కవర్ స్లిప్, కిందికి వచ్చేలా స్లైడు తిరగేసి పెట్టి ఉంటారు. అప్పుడు నాలుగు, పది రెట్లు పెద్దగా చూపించే 4ఎక్స్, 10ఎక్స్ లెన్సుల్లో బొమ్మ వస్తుంది, 40ఎక్స్‌లో ఎంత తిప్పినా రాదు. ఆ 40ఎక్స్ 0.17 మిల్లీమీటర్ల పలుచని కవర్ స్లిప్‌కు లెక్కేసి తయారైంది. మధ్యలో ఒక మిల్లీమీటరు మందం గాజు అడ్డొస్తే అది ఏం చేయగలదు? లేదంటే ఎవరో నూనె చుక్కలో ముంచి చూసే 100ఎక్స్‌కు నూనె వేసి, వెనక్కి తిప్పేటప్పుడు 40ఎక్స్ మూతిని ఆ నూనెలోంచి ఈడ్చి ఉంటారు. అది ఎండి పొరలా అంటుకుంటుంది. లెన్స్ పేపరు మీద ఒక్క చుక్క క్లీనర్ వేసి మెల్లగా తుడిస్తే మళ్లీ మామూలైపోతుంది. (చున్నీతోనూ చొక్కా అంచుతోనూ తుడవకండి, దయచేసి. బట్టలో చిక్కుకున్న ఇసుక రేణువు లెన్స్ మీద గీత పెడితే ఆ గీత మళ్లీ పోదు.)

అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేది కండెన్సర్‌కు. స్లైడు పెట్టే స్టేజీ కింద ఉండి, వెలుగును స్లైడు మీదికి కూడగట్టే ఆ భాగాన్ని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. ఏళ్ల తరబడి అట్టడుగునే పడి ఉంటుంది, దానిలోని వెలుగు రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే ఐరిస్ డయాఫ్రమ్ పిడి సగంలో బిగుసుకుపోయి ఉంటుంది. వెలుగు తక్కువైతే బల్బు పెంచుతారు, ఎక్కువైతే డయాఫ్రమ్ మూసేస్తారు. డయాఫ్రమ్ వెలుగు తగ్గించే స్విచ్ కాదు. బాగా మూస్తే అంచులు నల్లగా గట్టిగా కనిపిస్తాయి, పిల్లలకు అదే బాగుందనిపిస్తుంది. సన్నని వివరం మాత్రం పోతుంది. పూర్తిగా తెరిస్తే అంతా తెల్లగా వెలిసిపోతుంది. చేయాల్సింది ఇంతే: కండెన్సర్‌ను దాదాపు పైదాకా తీసుకురండి, 10ఎక్స్‌లో ఫోకస్ చేయండి, ఐపీస్ (కన్ను పెట్టే లెన్స్) ఒకసారి బయటికి తీసి గొట్టంలోకి చూడండి. లోపల వెలుగు గుండ్రంగా కనిపిస్తుంది. డయాఫ్రమ్ మెల్లగా మూస్తూ ఆ గుండ్రంలో ముప్పావు వంతు మిగిలిన చోట ఆపండి. ఐపీస్ మళ్లీ పెట్టి చూడండి. ఉల్లిపొర కణాల గోడలు, లోపల కేంద్రకం ఎలా తేలి వస్తాయో మీకే తెలుస్తుంది. ఆబ్జెక్టివ్ (స్లైడు వైపు ఉండే లెన్స్) మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

దీని వెనుక ఉన్న లెక్కను జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బే 1873లోనే చెప్పారు. ఎంత సన్నని వివరం కనిపిస్తుందనేది పెద్దగా చూపించడం మీద ఆధారపడదు, లెన్స్ ఎంత వెడల్పు కోణంలో వెలుగును పట్టుకుంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. 40ఎక్స్ ఆబ్జెక్టివ్ మీద 0.65 అని చిన్నగా రాసి ఉంటుంది చూడండి, అదే ఆ సంఖ్య. దాంతో సుమారు అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండు వేలో వంతు) దాకా విడివిడిగా చూడొచ్చు. కానీ కండెన్సర్ కూడా అంత వెడల్పు కోణంలో వెలుగు అందిస్తేనే. వెలుగును క్రమపద్ధతిలో అమర్చుకోవడం ఎలాగో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కోలర్ 1893లో రాశారు. మన కాలేజీ మైక్రోస్కోపుల్లో ఆయన పద్ధతి మొత్తానికి కావలసిన భాగాలు ఉండకపోవచ్చు, కండెన్సర్ మాత్రం చాలావాటికి ఉంది కదా. ఇంకా అద్దంతో నడిచేవి వాడే కాలేజీలకు ఒక మాట: కండెన్సర్ ఉంటే అద్దం చదును వైపు పెట్టాలి, లేకపోతే పుటాకారం వైపు. కిటికీలోంచి ఆకాశం వెలుగు తీసుకోండి. ఎండను నేరుగా పట్టొద్దు, కన్ను పోతుంది.

"మా దగ్గరున్నవి పాత డొక్కులు" అంటారు కొందరు. బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897 ఆగస్టు 20న. చెమటకు తన మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయనీ, మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలి ఉందనీ ఆయనే రాసుకున్నారు. 1902లో నోబెల్ వచ్చింది ఆ పనికే. మన పక్కనే, మన ఎండల్లోనే జరిగిన సంగతి ఇది. పిల్లలకు పరీక్షలో ఒక్క మార్కు బిట్‌గా మాత్రమే తెలుసు.

ఇంకో సాకు, "పిల్లలు పగలగొడతారు". ఏం పగులుతుంది? కవర్ స్లిప్ పగులుతుంది, స్లైడు పగులుతుంది. అవి కొనుక్కోవచ్చు. 40ఎక్స్, 100ఎక్స్ మూతికి చాలావాటిలో స్ప్రింగ్ ఉంటుంది, కాస్త తగిలితే వెనక్కి జరుగుతుంది. అసలు తగలకుండా చూసే పద్ధతి కూడా చిన్నదే. 4ఎక్స్‌తో మొదలుపెట్టాలి. పక్క నుంచి కంటితో చూస్తూ స్టేజీని లెన్స్ దగ్గరికి తేవాలి. తర్వాత ఐపీస్‌లో చూస్తూ దూరం జరుపుతూనే ఫోకస్ చేయాలి. 40ఎక్స్‌కు వెళ్లాక పెద్ద నాబ్ ముట్టకూడదు, చిన్నది మాత్రమే. ఇది ఎవరూ నేర్పలేదు కాబట్టే పగులుతున్నాయి. నిజంగా మైక్రోస్కోపును చంపేది బీరువా. వానాకాలమంతా తాళం వేసిన బీరువాలో ఉంచితే లెన్స్ లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. అది ఏ పిల్ల చెయ్యీ చేయని నష్టం.

ముట్టనిస్తే ఏం చూస్తారో తెలుసా? పారదర్శకమైన స్కేలును 4ఎక్స్ కింద పెడితే కనిపించే వృత్తం వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని పదితో భాగిస్తే 40ఎక్స్‌లో వృత్తం వెడల్పు వస్తుంది, అర మిల్లీమీటరు కూడా ఉండదు. కణం కొలత ఆ పిల్ల తనే చెప్పగలదు, పుస్తకం అక్కర్లేదు. దేవరకద్ర మార్కెట్ ఉల్లిగడ్డ పొర ఒకటి, పానగల్ ఉదయసముద్రం నీటిచుక్క ఒకటి చాలు ఒక పూటకు. నల్లగొండ చుట్టూ బత్తాయి తోటలే కదా, ఆకు అడుగున గోళ్ల రంగు పూసి, ఆరాక టేపుతో ఊడదీసి స్లైడు మీద అంటించండి. పత్రరంధ్రాలు (ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాలు) అచ్చు పడి ఉంటాయి. ఆకు పైవైపు కూడా అలాగే చేయమనండి. అక్కడ కనిపించవు. ఎందుకని పిల్లలే అడుగుతారు. తోట ఉన్న ఇంటి పిల్ల అయితే మధ్యాహ్నపు ఎండ గురించీ నీళ్లు పెట్టడం గురించీ తనే మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆ క్లాసులో నేను పెద్దగా చెప్పాల్సింది ఏమీ మిగలదు, నాకు అంతకంటే సంతోషం లేదు.

ఈ పిల్లల్లో అందరూ డాక్టర్లు కారు. ఎంతోమంది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరి, రెండేళ్లకు ఏ మండలం ఆసుపత్రిలోనో మైక్రోస్కోపు ముందు కూర్చుంటారు. కళ్లె పరీక్షలో టీబీ క్రిమి లేదని రాయాలంటే నూనె లెన్స్ కింద నూరు ఫీల్డులు (ఒక్కోసారి కనిపించే వృత్తాలు) వెతకాలి. కండెన్సర్ కిందికి జారి ఉంటే, లెన్స్ మీద పాత నూనె పొర ఉంటే, ఉన్న క్రిమి కూడా లేదనే రిపోర్టు వస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఒక కూలీ మనిషి దగ్గుకుంటూ ఇంటికి వెళ్తాడు. ఇంట్లో చిన్న పిల్లలుంటారు. నా భయమంతా ఇదే.

ఒక్కో బ్యాచ్‌లో పిల్లలు ఎక్కువ, మైక్రోస్కోపులు తక్కువ, టైం చాలదు. ఈ ఇబ్బంది నిజమే, నేనూ పడుతున్నాను. అందుకే పరీక్ష దాకా ఆగొద్దు. ఏడాది మొదట్లోనే వారానికి కొందరి చొప్పున, తాళం తీసి, వాళ్లకు వదిలేసి పక్కన నిలబడండి. మొదటి రోజు గోల ఉంటుంది, ఉండనివ్వండి.

వచ్చే ప్రాక్టికల్స్‌కు ఎగ్జామినర్లుగా వెళ్లే మిత్రులకు నా విన్నపం. గదిలోకి వెళ్లగానే ఆ అట్టముక్కలు తీసి పక్కన పెట్టించండి. స్లైడు ట్రేలోనే ఉండనివ్వండి. నాబులు తిప్పేసి, కండెన్సర్ దించేసి, ఆ పిల్లను పిలిచి కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు టైం ఇవ్వండి. చేయి వణికితే తొందరపెట్టకండి.