పాడే కౌబాయ్ జీన్ ఆట్రీ: 1938లో అసలు జరిగిందేమిటి?

కౌబాయ్ అనగానే మనకు సూపర్‌స్టార్ కృష్ణ, గుర్రం, తుపాకీ గుర్తొస్తాయి, గిటార్ మాత్రం గుర్తు రాదు. 1930ల అమెరికాలో పిల్లలు ఎగబడి చూసింది గుర్రమెక్కి పాటలు పాడే జీన్ ఆట్రీని. ఇప్పుడాయన్ని చాలామంది క్రిస్మస్ పాటల గాయకుడిగానే తలుచుకుంటారు. అది అన్యాయం.

1907లో టెక్సస్‌లో పుట్టి, ఓక్లహోమాలో రైల్వే టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేసి, చికాగో రేడియో మీదుగా హాలీవుడ్ చేరాడు. గొంతు చించుకుని పాడడు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పాడతాడు, మైకుకి సరిగ్గా సరిపోయే గొంతు అది. నటన అంతంతమాత్రమే, ఒప్పుకోవాలి.

1935 నుంచి రిపబ్లిక్ పిక్చర్స్ అనే సినిమా స్టూడియోకి ఆయనే పెద్ద దిక్కు. ఆట్రీ బొమ్మ కావాలంటే స్టూడియో తీసే మిగతా సినిమాలు కూడా కొనాల్సిందేనని థియేటర్ల వాళ్లకి షరతు పెట్టేవారు. చిన్న ఊళ్లలో హాలు నడుపుకునేవాడికి అదెంత భారమో చెప్పక్కర్లేదు. ఆ పద్ధతి మానమనీ, తన జీతం పెంచమనీ అడిగి, వాళ్లు కుదరదంటే 1938లో షూటింగ్‌కి రావడం మానేశాడు. స్టూడియో వెంటనే రాయ్ రోజర్స్ అనే కుర్రాణ్ని ఆట్రీ చెయ్యాల్సిన పాత్రలో పెట్టి సినిమా తీసేసింది, అది ఆడింది, రోజర్స్ స్టార్ అయిపోయాడు! జీతం పెంచాక ఆట్రీ వెనక్కి వచ్చాడు గానీ, ఎంత పెద్ద హీరో అయినా సంతకం పెట్టిన కాగితం ముందు కూలివాడేనని అప్పుడే అర్థమై ఉంటుందని నా నమ్మకం.

1942లో సైన్యంలో చేరి పైలట్ అయ్యాడు. హిమాలయాల మీదుగా చైనాకు సరుకు చేరవేసిన, ఎన్నో విమానాలు కూలిపోయిన ‘హంప్’ దారిలో కూడా ఎగిరాడు. సైన్యంలో గడిపిన కాలం కాంట్రాక్టు లెక్కలోకి రాదని రిపబ్లిక్ పేచీ పెట్టింది. కోర్టుకెక్కాడు, 1947లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది.

ఇక ఆ తర్వాత ఒకరి కింద చెయ్యలేదు. సొంత నిర్మాణ సంస్థ, 1950లో సొంత టీవీ షో, రేడియో స్టేషన్లు, 1964లో లాస్ ఏంజెలెస్‌లో ఒక టీవీ ఛానెల్, అంతకుముందే ఏంజెల్స్ బేస్‌బాల్ జట్టు. కళాకారుడు వ్యాపారి అయిపోయాడని పెదవి విరిచేవాళ్లున్నారు. తన పేరు మీద వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతోందో అడగడం అత్యాశ ఎలా అవుతుంది? పాట పాడినవాడికి ఆ మాత్రం హక్కు లేదా?