సంఘం సొంత సభ్యుణ్ని నిలదీస్తుందా?

‘రేపు తనిఖీకి వస్తున్నారు, శుద్ధి ప్లాంటు ఆడేలా చూసుకోండి.’ పరిశ్రమల సంఘం వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ పడిందంటే మర్నాడు కాలువలో నీళ్లు తేటగా పారతాయి. అదే గ్రూపులో వారం కిందట ఇంకో మెసేజ్ వచ్చి ఉంటుంది: కొత్త నిబంధనకు ఏ ఫారం నింపాలి, నమూనా సీసా ఎలా కడగాలి, ల్యాబ్‌కు ఎప్పటిలోగా పంపాలి. పదిమందితో అద్దకం యూనిట్ నడిపే యజమానికి ప్రభుత్వ ఉత్తర్వును విడమరిచి చెప్పే దిక్కు సంఘమే. పాటించడం నేర్పేదీ తప్పించుకోవడం నేర్పేదీ ఒకే చోటు కావడమే చిక్కు.

సంఘాలు వద్దని మేం అనడం లేదు. ఫ్యాక్టరీకొక ఇన్‌స్పెక్టర్‌ను పెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. కానీ మాట ఇవ్వడం వేరు, సభ్యుడు మాట తప్పితే అడగడం వేరు.

1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలమందిని బలిగొన్నాక రసాయన పరిశ్రమ పరువు పోయింది. మరుసటి ఏడాదే కెనడా రసాయన ఉత్పత్తిదారుల సంఘం ‘రెస్పాన్సిబుల్ కేర్’ అనే స్వీయ నియమావళి తెచ్చింది. 1988లో అమెరికా సంఘమూ దాన్ని అందుకుంది. ఆండ్రూ కింగ్, మైకేల్ లెనాక్స్ అనే పరిశోధకులు 2000లో అమెరికా కాలుష్య లెక్కలు బయటపెట్టారు. నియమావళికి ఒప్పుకున్న కంపెనీలు ఒప్పుకోనివాటికంటే నెమ్మదిగా మెరుగుపడ్డాయట! ఉల్లంఘిస్తే శిక్ష లేదు, బయటివారి ఆడిట్ లేదు. ఆడిట్‌ను ఆ తర్వాతే తప్పనిసరి చేశారు.

కోరలున్న సంఘం ఎలా ఉంటుందో అణువిద్యుత్ రంగం చూపించింది. 1979లో త్రీమైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన ఏడాదే అమెరికా అణువిద్యుత్ కంపెనీలు ‘ఇన్‌పో’ అనే సొంత తనిఖీ సంస్థను పెట్టుకున్నాయి. అది ప్లాంట్లకు ఇచ్చే రేటింగ్ బీమా ప్రీమియం మీద కూడా ప్రభావం చూపుతుంది. పీచ్ బాటమ్ ప్లాంటు కంట్రోల్ రూములో ఆపరేటర్లు కునుకు తీస్తున్నారని బయటపడి 1987లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ దాన్ని మూయించింది. యాజమాన్యం దిద్దుబాటు తీరును ఇన్‌పో ఘాటుగా తప్పుపట్టింది. చివరికి కంపెనీ పెద్దలే దిగిపోయారు. ఒకడి తప్పుకు అందరి ప్లాంట్లూ మూతపడతాయన్న టెన్షన్ ఆ రంగాన్ని దారిలో పెట్టింది. అయితే ఆ రేటింగులు జనానికి చూపరు. అది మాకు నచ్చని సంగతి.

ఇక చమురు, బొగ్గు, కార్ల కంపెనీల కూటమి ‘గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్’ది పూర్తిగా వేరే దారి. మనుషులు వదిలే వాయువులు వాతావరణాన్ని మార్చగలవన్న శాస్త్రీయ ఆధారం కాదనలేనిదని సొంత సాంకేతిక సలహాదారులే 1995 ముసాయిదాలో రాశారు. బయట మాత్రం సందేహాలు చల్లుతూనే ఆ కూటమి 2002 దాకా నడిచింది.

కాబట్టి కాలుష్య నిబంధనల ముసాయిదా మీద ప్రభుత్వంతో మాట్లాడటానికి వచ్చే సంఘం ఊరికే రాకూడదు. ఏ సభ్యుడు ఎంత వ్యర్థం వదిలాడో పేరుపేరునా లెక్క తేవాలి, ఎవరిని సస్పెండ్ చేసిందో చెప్పాలి. చిన్న యూనిట్లకు గడువు కావాలంటే అడగనివ్వండి, అది న్యాయమే. పెద్ద కంపెనీలు వాళ్ల వెనక నక్కి అదే గడువు అడిగితే ఒప్పుకోకూడదు.

వాట్సాప్ మెసేజ్ సంగతికొస్తే, తనిఖీ తేదీ ముందుగా పొక్కేది కాలుష్య నియంత్రణ సంస్థ ఆఫీసు నుంచే. ఆ లీకు ఎవరిదో అక్కడే తేల్చాలి.