కాలేజీల్లో బెంచీలు తీసేయాలి

దుకాణం నడపడం చదువుకుంటే తప్ప రాని విద్య అని మన విశ్వవిద్యాలయాలు ఆలస్యంగానైనా గుర్తించాయి. ఇది హర్షించదగిన పరిణామం. ఇన్నాళ్లూ ఈ దేశంలో పప్పూ ఉప్పూ అమ్మినవాళ్లంతా ఏ అర్హతా లేకుండానే అమ్మారన్నమాట. తాతల కాలం నుంచి మనం తింటున్న కందిపప్పు ఒక విధంగా నాటువైద్యుడు ఇచ్చిన మందు లాంటిదే. బతికి బయటపడ్డాం కాబట్టి గతాన్ని తవ్వుకోనక్కర్లేదు. ఇప్పుడు రిటైల్ వ్యాపార నిర్వహణలో బీబీఏ ఉంది, ఎంబీఏ ఉంది. తెలంగాణలో డిగ్రీ సీట్లు కేటాయించే దోస్త్ వెబ్‌సైటు తెరిచి ఆప్షన్లు పెట్టుకునే తల్లిదండ్రులు 'బీబీఏ రిటైలింగ్' అన్న పేరు దగ్గరికి రాగానే కాసేపు ఆగుతున్నారు.

ఆగడం సహజం. ''కొట్లో పనికి డిగ్రీ ఎందుకురా?'' అంటాడు తండ్రి. ''కొట్లో పని కాదు నాన్నా, మేనేజ్‌మెంట్'' అంటాడు కొడుకు. ఆ మాట చెవిన పడగానే తండ్రికి ఏసీ గది, గాజు తలుపు, బల్ల మీద పేరున్న పలక, గుండ్రంగా తిరిగే కుర్చీ కనిపిస్తాయి. ఫీజు కట్టేస్తాడు. ఆయన కట్టిన ఫీజులో అధిక భాగం ఆ కుర్చీకే అని నా అనుమానం. ఈ వ్యాసం కూడా ఆ కుర్చీ గురించే.

ముందుగా పాఠ్యప్రణాళికకు న్యాయం చేయాలి. అది చాలా పటిష్ఠమైనది. రిటైల్ చరిత్రనే తీసుకోండి. సరుకులు గుమాస్తా తీసి ఇవ్వడం కాకుండా, కొనేవాళ్లే బుట్ట పట్టుకుని తీసుకునే దుకాణాన్ని 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో క్లారెన్స్ సాండర్స్ తెరిచాడు. 1937లో ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారుడు ఆ బుట్టకు చక్రాలు తగిలించి బండి చేశాడు. జనం దాన్ని ముట్టుకోలేదు. అప్పుడాయన కొందరు ఆడవాళ్లకూ మగవాళ్లకూ డబ్బులిచ్చి, కొనేవాళ్లలా నటిస్తూ దుకాణంలో బండ్లు తోయమన్నాడు. వాళ్లను చూసి మిగతావాళ్లూ తోయడం మొదలుపెట్టారు. అంటే ఊరికే బండి తోస్తూ తిరగడం కూడా ఒకనాడు ఈ రంగంలో జీతం వచ్చే ఉద్యోగమే. మన విద్యార్థుల ఇంటర్న్‌షిప్ చూస్తే ఆ సంప్రదాయం చెక్కుచెదరలేదనే అనిపిస్తుంది, జీతం మాట అటుంచితే. ఇక బార్‌కోడ్. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టును తొలిసారి స్కాన్ చేశారు. ఈ తేదీ కంఠతా వచ్చినవాడికి బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎలాంటి ఉపయోగమూ ఉండదు. అయితే విద్య ఉపయోగం కోసం కాదని పెద్దలు ఎప్పుడో చెప్పారు.

అన్నిటికన్నా గంభీరమైన పాఠం ప్లానోగ్రామ్. ఏ అరలో ఏ వస్తువు, ఎన్ని వరుసల్లో, ఏ ఎత్తులో ఉండాలో చెప్పే పటం అది. కంటికి ఎదురుగా ఉన్నది ఎక్కువ అమ్ముడవుతుందనీ, పిల్లలకు కావలసినవి పిల్లల ఎత్తులో పెట్టాలనీ, పాలూ పెరుగూ దుకాణం చివర పెడితే వాటికోసం వెళ్లేవాడు దారిలో బిస్కెట్లూ కొంటాడనీ విద్యార్థి పేజీలకు పేజీలు రాస్తాడు. డిగ్రీ చేతికొచ్చి దుకాణంలో చేరాక అసలు సంగతి తెలుస్తుంది. ఆ పటం ముంబైలోనో బెంగళూరులోనో ఎవరో గీస్తారు. అది ఫోనులో ఫొటోగా వస్తుంది. దాన్ని చూసి షాంపూ సీసాలు సర్దడం మన పట్టభద్రుడి వంతు. సర్దాక మళ్లీ ఫొటో తీసి పంపాలి. సీసాల మీది పేర్లు ముందుకు తిరిగి లేకపోతే అక్కణ్నుంచి ఎర్ర గుండ్రం చుట్టి వెనక్కి పంపుతారు. పరీక్ష పేపర్లు దిద్దే పద్ధతి కాలేజీతోనే ముగిసిపోలేదన్న తృప్తి ఒక్కటే మిగులుతుంది.

సిద్ధాంతం ఎంత బలమైనదైనా పెరుగు ఫ్రిజ్ దగ్గర దానికి పరీక్ష తప్పదు. ముందు వచ్చిన సరుకు ముందే పోవాలి కాబట్టి పాత తేదీ ప్యాకెట్లు ముందు వరుసలో, కొత్తవి వెనక పెట్టాలన్నది సూత్రం. కుర్రవాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి, వేళ్లు కొంకర్లు పోతుంటే ఒక్కొక్కటీ తీసి అలాగే సర్దుతాడు. తొమ్మిదింటికి ఒక ఇల్లాలు వస్తుంది. ముందు ప్యాకెట్లను పలకరించను కూడా పలకరించదు. వాటిని పక్కకు నెట్టి, గాజులు పైకి లాక్కుని, మోచేతి దాకా లోపలికి చేయి పెట్టి, చిట్టచివరి ప్యాకెట్టు బయటికి లాగుతుంది. కళ్లజోడు పైకెత్తి తేదీ చూస్తుంది. నిన్నటిది. ''బాబూ, ఇవాళ్టిది రాలేదా?'' అని అడుగుతుంది. ఆరు సెమిస్టర్ల సరుకు నిర్వహణ శాస్త్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక తల గోక్కుంటుంది. ఆవిడ అక్కడితో ఆగదు. విడిగా పోసిన బియ్యంలోంచి నాలుగు గింజలు తీసి పంటికింద నలిపి, పాతబియ్యం అని రాసిన బోర్డు వైపు జాలిగా చూసి వెళ్లిపోతుంది. ఆవిణ్ని ఏదైనా కాలేజీలో అతిథి ఆచార్యురాలిగా నియమించాలని నా సూచన. జీతం అక్కర్లేదు, కొసరు ఇస్తే చాలు.

కొసరు అన్నాను కాబట్టి మన వీధి చివరి శెట్టిగారి గురించి కూడా చెప్పుకోవాలి. వినియోగదారుడితో సంబంధాల నిర్వహణ అని డిగ్రీలో ఒక పేపరే ఉంటుంది. బిల్లు వేసేముందు ఫోన్ నంబరు అడగడం, పాయింట్లు జమ చేయడం, పుట్టినరోజున సందేశం పంపడం అందులోని భాగాలు. శెట్టిగారు ఎప్పుడూ మన నంబరు అడిగిన పాపాన పోలేదు. ఆయనకు ఇల్లు తెలుసు. ఎవరింట్లో అత్తగారికి షుగరు ఉందో, ఎవరింటికి దసరాకు అల్లుడు వస్తున్నాడో, ఎవరి జీతం పదో తేదీకి గానీ పడదో తెలుసు. ఆ సమాచారమంతా అట్ట ఊడిన పద్దు పుస్తకంలో ఆయనకు తప్ప ఎవరికీ అర్థంకాని లిపిలో ఉంటుంది. నేటి భాషలో దీన్ని సమాచార భద్రత అంటారు. 'అరువు రేపు' అన్న బోర్డు కింద కూర్చునే అరువిస్తాడు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆ బోర్డు చూపించాలో తేల్చుకోవడానికి ఆయనకు ఒక్క క్షణం చాలు. ఒక బ్యాంకు అదే పనికి మూడు నెలల జీతం చీటీలు అడుగుతుంది. ఇవన్నీ చేస్తున్నంతసేపూ ఆయన కూర్చునే ఉంటాడన్న సంగతి గమనించండి. ఏ మేనేజ్‌మెంటూ చదవని ఆ మనిషికి గల్లాపెట్టె పక్కన ఒక పీట, దాని మీద ఒక మెత్త ఉన్నాయి.

పాఠ్యాంశాల్లోని ఉదాహరణల విషయంలో మాత్రం మన విశ్వవిద్యాలయాలు మరింత జాగ్రత్తపడాలి. వాటి నిండా మరణవార్తలే. 1986లో హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర సూపర్‌మార్కెట్లు 2007లో బిర్లాల చేతికి వెళ్లి పేరు మార్చుకున్నాయి. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష దేశమంతా దాదాపు 1600 దుకాణాలు తెరిచి 2009లో మూతపడింది. 2001లో కోల్‌కతా తర్వాత హైదరాబాద్, బెంగళూరుల్లో వరసగా తెరుచుకుని జనాన్ని తొక్కిసలాడించిన బిగ్ బజార్ దుకాణాల్లో చాలావాటిపై 2022లో రిలయన్స్ బోర్డులు లేచాయి. ఇంతవరకూ ఫర్వాలేదు. వైఫల్యం నుంచి నేర్చుకోవచ్చని సర్దిచెప్పుకోవచ్చు. ప్రమాదమంతా ఆ సంస్థలు పెట్టినవాళ్ల చదువులు చెప్పడంలో ఉంది. సుభిక్ష స్థాపకుడు అహ్మదాబాద్ ఐఐఎంలో చదివినవారు. డీమార్ట్ పెట్టిన రాధాకిషన్ దమానీ బీకాం మధ్యలోనే మానేశారని పత్రికలు రాస్తుంటాయి. ఈ రెండు వాక్యాలూ ఒకే పేజీలో అచ్చయితే తరగతి గదిలో ఎంతమంది మిగులుతారు? కాబట్టి వాటిని వేర్వేరు సెమిస్టర్లలో, వీలైతే వేర్వేరు కాలేజీల్లో బోధించాలి.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం, ఎంతైనా ఇది వ్యాపార విద్య. చదువుతూనే దుకాణంలో పని నేర్చుకునే డిగ్రీలకు విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. కొన్ని రోజులు కాలేజీ, కొన్ని రోజులు దుకాణం. ఆలోచన మంచిదే, వెక్కిరించడానికి నాకు వెంటనే ఏమీ దొరకలేదు. అందుకని అప్రెంటిస్‌ల, అంటే భృతి మీద పని నేర్చుకునేవాళ్ల, నిబంధనలు తిరగేశాను. 2019లో సవరించినప్పుడు, తొమ్మిదో తరగతితో ఆపేసినవారికి నెలకు కనీసం 5000 రూపాయలు, డిగ్రీవారికి కనీసం 9000 రూపాయలు భృతిగా నిర్ణయించారు. తొమ్మిదో తరగతికీ డిగ్రీకీ మధ్య ఆరేళ్ల చదువు. తేడా 4000. అంటే పదో తరగతి మొదలు డిగ్రీ మూడో ఏడాది వరకు ఒక్కో ఏడాది చదువుకూ నెలకు 666 రూపాయలు, పైన కొంత చిల్లర. ఆ చిల్లరకు బదులు చాక్లెట్లు ఇవ్వవచ్చా అన్న విషయంలో నిబంధనలు మౌనంగా ఉన్నాయి.

ఇప్పుడు కుర్చీ. పెద్ద దుకాణాల్లో అమ్మేవాళ్లకు కూర్చునే చోటు ఎక్కడుందో ఈసారి వెళ్లినప్పుడు వెతకండి. చీరల దుకాణంలో కొనేవాళ్లకు మెత్తటి స్టూళ్లు ఉంటాయి, వాళ్ల భర్తలకు సోఫా ఉంటుంది, ద్వారం దగ్గర అమ్మవారి పటానికి పీఠం ఉంటుంది. చీరలు చూపించే అమ్మాయి మాత్రం పొద్దున తలుపులు తీసినప్పటి నుంచి రాత్రి షట్టరు దించేదాకా పాదాల మీదే ఉంటుంది. జనం లేని మధ్యాహ్నం వేళ గోడకు ఆనుకుంటే పైనుంచి కెమెరా చూస్తుంది. కేరళలో కోళికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే మహిళలు కొన్నేళ్లు పోరాడిన మీదట, అమ్మేవాళ్లకు కూర్చునే వసతి కల్పించాలని ఆ ప్రభుత్వం 2018లో దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా ఆ బాట పట్టింది. కూర్చోవడానికి చట్టసభ ఆమోదం అవసరమైన వృత్తి ఇంకేదైనా ఉందేమో నాకు తోచడం లేదు.

ఇంతటి వృత్తికి పిల్లలను తయారుచేస్తున్న మన కాలేజీలు చేస్తున్నదేమిటి? మూడేళ్లపాటు వాళ్లను కూర్చోబెడుతున్నాయి! ఇంతకన్నా పరిశ్రమ అవసరాలకు విరుద్ధమైన బోధన ఉంటుందా? విద్యకూ ఉపాధికీ మధ్య అగాధం ఉందని సదస్సుల్లో వాపోయే పెద్దలు ఒక్కసారి తరగతి గదిలోకి తొంగిచూస్తే ఆ అగాధం నాలుగు కాళ్లతో, పేర్లు చెక్కిన చెక్కతో బారులు తీరి కనిపిస్తుంది. రిటైల్ విభాగాల్లో బెంచీలు తక్షణం తీసేయాలి. మొదటి ఏడాది రోజుకు మూడు గంటలు, రెండో ఏడాది ఆరు, మూడో ఏడాది పది గంటలు నిలబడటం తప్పనిసరి చేయాలి. గోడలకు ఆనుకోకుండా గోడలకు కొత్తగా సున్నం వేయించాలి. హాజరు కుర్చీలో ఉన్నాడా లేదా అని కాకుండా, కాళ్ల మీద ఉన్నాడా లేదా అని వేయాలి.

ప్రయోగ పరీక్షలూ మారాలి. విద్యార్థి నలభై చీరలు విప్పి చూపించాలి. పరీక్షకులు నలభైయ్యో చీర దాకా చూసి, ''మొదట చూపించావే, అదే బాగుంది. కానీ ఇందులో వేరే అంచు లేదా?'' అని అడిగి లేచి వెళ్లిపోవాలి. అప్పుడు విద్యార్థి ముఖంలో నవ్వు ఎంతసేపు నిలిచిందన్న దానికి యాభై మార్కులు. నలభై చీరలూ పాత మడతల్లోనే మడిచినందుకు మిగతా యాభై. మౌఖిక పరీక్షలో 'లేదు' అన్న మాట వాడకుండా సరుకు లేదని చెప్పాలి. ఆషాఢం తగ్గింపు అమ్మకాల వారాన్ని వార్షిక పరీక్షల కాలంగా ప్రకటిస్తే పర్యవేక్షకుల ఖర్చు కూడా ఉండదు. కెమెరాలు ఎలాగూ ఉన్నాయి.

ఇక ఉద్యోగాలు. ఇక్కడ మాత్రం యాజమాన్యాలు కొంచెం సహకరించాలి. ఏ బజారుకు వెళ్లినా దుకాణాల అద్దాల మీద అతికించిన కాగితం కనిపిస్తుంది: 'సేల్స్ బాయ్స్, సేల్స్ గర్ల్స్ కావలెను. అర్హత: టెన్త్ పాస్ లేదా ఫెయిల్.' పాసైనవాణ్నీ ఫెయిలైనవాణ్నీ సమానంగా చూసే విశాల హృదయం ఇంకే ఉద్యోగ ప్రకటనలోనూ లేదు, అందుకు అభినందనలు. అదే కాగితం మీద కింద కాస్త ఖాళీ ఉంటే, 'డిగ్రీ చదివినవారి దరఖాస్తులు కూడా పరిశీలించబడును' అని చిన్న అక్షరాల్లోనైనా చేర్పించవలసిందిగా ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను.