చంద్రుడు ఉదయించని రోజు అమావాస్య కాదు

సంకటహర చతుర్థి దగ్గర పడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. అందులోని నాలుగు మాటలు ఇవి: భూమి నీడ పడటం వల్లే చంద్రుడు తరుగుతాడు, పెరుగుతాడు. అమావాస్య నాడు అసలు ఉదయించడు. శుక్లపక్షంలో పడమట, బహుళపక్షంలో తూర్పున ఉదయిస్తాడు. ఏ ఊళ్లోనైనా రోజుకు సరిగ్గా 48 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. మొదటి మూడూ పూర్తిగా తప్పు, నాలుగోది సగం నిజం. పొద్దుటినుంచి ఉపవాసం ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని మేడ మీద పడిగాపులు కాస్తున్నారు కాబట్టి ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

ముందు నీడ సంగతి. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున పడుతుంది. శుక్ల అష్టమి నాడు సాయంత్రం నాలుగింటికి ఆకాశం చూడండి. సూర్యుడు పడమట ఉంటాడు, సగం చంద్రుడు తూర్పు ఆకాశంలో బాగా పైకి వచ్చి ఉంటాడు. ఇద్దరి మధ్యా దాదాపు 90 డిగ్రీలు. ఆ వేళకి భూమి నీడ ఇంకా తూర్పు దిగంతానికి కిందే ఉంది. అది చంద్రుడి మీద పడే దారే లేదు. పైగా చంద్రుడున్న దూరంలో ఆ నీడ వెడల్పు సుమారు 9,000 కిలోమీటర్లు, అంటే ఆకాశంలో ఒకటిన్నర డిగ్రీకి మించదు. చంద్రుడు అందులోకి వెళ్లగలిగేది పౌర్ణమి నాడే. కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉండటంతో చాలా పౌర్ణములకు నీడకు పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. దాటకుండా నీడలో పడితే అది గ్రహణం. 2025 సెప్టెంబరు 7న, భాద్రపద పౌర్ణమి రాత్రి, 9:57కి నీడ అంచు తాకింది. చంద్రుడు పూర్తిగా ఎర్రబడి, తిరిగి తేరుకుని, 1:26కల్లా నిండుగా బయటపడ్డాడు. మూడున్నర గంటల్లో ముగిసిపోయే పనికీ, పక్షం రోజులు పట్టే కళలకూ సంబంధం లేదు.

నమ్మకం కుదరకపోతే ఒక నిమ్మకాయ చాలు. శుక్ల సప్తమి, అష్టమి రోజుల్లో సాయంత్రం ఎండ ఉండగానే కాయను పుల్లకు గుచ్చి, చెయ్యి పూర్తిగా చాపి, ఆకాశంలో చంద్రుడి పక్కనే కనబడేలా పట్టుకోండి. కాయ మీద ఎండ పడిన భాగం, చంద్రుడి వెలుగు భాగం ఒకే ఆకారంలో కనబడతాయి. రెండింటి మీదా పడేది ఒకే సూర్యుడి వెలుగు. వెలిగిన సగంలో మనకు ఎంత కనబడితే అంతే కళ. బడుల్లో ఇదే ప్రయోగాన్ని చీకటి గదిలో బల్బుతో చేయిస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది: బల్బుకు వీపు పెట్టి బంతిని కళ్లకు సూటిగా పట్టుకుంటే తల నీడ దాని మీద పడుతుంది, పిల్లలు అదే కళ అనుకుంటారు. బంతిని తల కన్నా పైకి ఎత్తి పట్టిస్తే చాలు.

అమావాస్య నాడు చంద్రుడు ఉదయిస్తాడు, సూర్యుడితో పాటే. పగలంతా సూర్యుడి పక్కనే ఉండి, అటూ ఇటూగా సూర్యుడితోనే అస్తమిస్తాడు. వెలుగు పడిన ముఖం అటువైపు తిరిగి ఉంటుంది గనుక కనబడడు. 2022 అక్టోబరు 25 సాయంత్రం తెలుగు రాష్ట్రాల్లో సూర్యగ్రహణం కనబడింది, అది అమావాస్య. సూర్యుడిని కమ్మింది చంద్రుడే కదా!

మరి ఉదయించని రోజంటూ ఉందా? ఉంది, బహుళ అష్టమి దగ్గర్లో. ఒక చంద్రోదయానికీ మరోదానికీ మధ్య సగటున 24 గంటల 50 నిమిషాలు. 14వ తేదీ రాత్రి 11:40కి ఉదయిస్తే, తర్వాతి ఉదయం 16వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:30కి. 15వ తేదీకి చంద్రోదయమే లేదు. క్యాలెండర్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే అచ్చుతప్పు అనుకోకండి. శుక్ల అష్టమి చుట్టుపక్కల ఇలాగే చంద్రాస్తమయం లేని రోజు వస్తుంది.

పడమట ఉదయించడమన్నది కంటికి కలిగే భ్రమ. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి చంద్రుడు ఏ పక్షంలోనైనా తూర్పునే ఉదయించాలి. విదియ నెలవంక పొద్దున ఏడు దాటాక పుట్టి, పగలంతా సూర్యుడి వెనకే నడిచి, పొద్దుగూకాక పడమట కనబడి, గంట గంటన్నరలో అస్తమిస్తుంది. మనం చూసేది దాని చివరి అంకం. వినాయక చవితి చంద్రుడూ అంతే, ఉదయం తొమ్మిది ప్రాంతంలోనే వచ్చేసి రాత్రి తొమ్మిది ప్రాంతంలో వెళ్లిపోతాడు.

ఇక 48 నిమిషాలు. ఈ అంకె ఊరికే పుట్టలేదు. ఒక తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 48, అంటే రెండు ఘడియలు. కానీ అది తిథికి లెక్క, రోజుకు కాదు. దీంతో అంచనా ఇలా కట్టాలి: శుక్ల పాడ్యమి నుంచి తిథి సంఖ్య తీసుకుని, అర తగ్గించి, 48తో హెచ్చించి, సూర్యోదయానికి కలపాలి. బహుళ చవితి 19వ తిథి. 18.5ను 48తో హెచ్చిస్తే 888 నిమిషాలు, అంటే 14 గంటల 48 నిమిషాలు. సూర్యోదయం ఆరింటికైతే చంద్రోదయం రాత్రి 8:48 ప్రాంతంలో.

ఇది అంచనా మాత్రమే. మన అక్షాంశాల్లో రోజువారీ ఆలస్యం సుమారు 40 నిమిషాల నుంచి గంట దాకా మారుతుంది, లండన్‌లో సెప్టెంబరు పౌర్ణమి దగ్గర 20 నిమిషాల చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆశ్వయుజ బహుళంలో చంద్రుడు ఉత్తరానికి, సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటారు. అందుకే అట్లతద్ది చంద్రుడు లెక్క కన్నా ముందే వచ్చేస్తాడు. చైత్ర, వైశాఖాల్లో తిరగబడి, బహుళ చవితి చంద్రుడు గంట దాకా ఆలస్యం చేస్తాడు.

ఊరు మారితే సమయమూ మారుతుంది. విశాఖపట్నం హైదరాబాద్‌కు దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉంది, అక్కడ చంద్రుడు ఇంచుమించు 20 నిమిషాలు ముందు కనబడతాడు. డల్లాస్‌లో ఉన్నవాళ్లు భారత సమయాన్ని అలాగే వాడుకోకూడదు, ఆ ఊరి లెక్కే చూసుకోవాలి. పంచాంగంలో ఇచ్చే సమయం అడ్డు లేని దిగంతానిది. ఎదురుగా అపార్ట్‌మెంట్లు 5 డిగ్రీల ఎత్తు కమ్మితే మరో 20 నిమిషాలు ఆగాలి. నేరుగా తూర్పుకే చూస్తూ ఉన్నా దొరకకపోవచ్చు: ధనుర్మాసపు పౌర్ణమి చంద్రుడు ఈశాన్యం వైపు, జ్యేష్ఠ పౌర్ణమి చంద్రుడు ఆగ్నేయం వైపు బాగా జరిగి ఉదయిస్తాడు.