చంపేశాక అడుగుతున్నారు, ‘ఇంతకీ ఏం పామండీ’ అని

పొద్దున్న ఆరున్నరకి మా వీధిలో ఒక హత్య జరిగింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకని ఈ పోస్టు ఒక పద్ధతిగా ఉండదు. పద్ధతి కావాలంటే నా పదో తరగతి నోట్సు ఇస్తాను, పట్టుకెళ్ళి చదువుకోండి.

చచ్చింది ఒక పాము. స్కేలు పెట్టి కొలిచాను, 41 సెంటీమీటర్లు. తల ఉండాల్సిన చోట తల సరిగా మిగల్లేదు కాబట్టి ఇంకో సెంటీమీటరు కలుపుకోండి. దాని మీదకి దిగిన సైన్యం ఇది: నలుగురు మగాళ్ళు, రెండు కొబ్బరి మట్టలు, ఒక పలుగు, ఎందుకో తెలీదు గానీ ఒక సీసా ఫినాయిలు. పక్కింటి వసారాలో ట్యూబులైటు కింద బల్లి కోసం గోడెక్కింది. అదీ అది చేసిన నేరం.

"మేడమ్ గారూ, మీరు వెనక్కుండండి, కట్లపామండి!" అని నన్ను చేత్తో ఆపిన కుర్రాడు ఎవరనుకున్నారు? నా దగ్గర చదువుకున్నవాడే. జీవుల్లో అనుకరణ, అంటే ఒక జీవి ఇంకోదాని వేషంలో బతకడం, అని బోర్డు మీద రాసి, బొమ్మ గీసి, పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చి, వాడికి నాలుగుకి నాలుగు మార్కులు వేశాను. ఆ నాలుగు మార్కులూ ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. వాడు ఈ పోస్టు చూస్తాడు. చూడనీ.

"ఒరేయ్ ఆగరా, చారలు చూడు, మెడ దగ్గర్నుంచే ఉన్నాయి" అని నేను అంటూనే ఉన్నాను. ఎవరు వింటారు? మొదటి దెబ్బ పడిపోయింది. రెండో దెబ్బకి ఫోన్లు బయటికొచ్చాయి. మూడో దెబ్బకి ఎవరో "ఆగాగు, వీడియో రాలేదు, మళ్ళీ కొట్టు" అన్నారు. చచ్చిన పామును మళ్ళీ చంపారండీ, రీలు కోసం. అంతా అయ్యాక పలుగు గోడకి ఆనించి, చెమట తుడుచుకుని, అప్పుడడిగాడు మా శిష్యరత్నం, "ఇంతకీ ఏం పామండీ ఇది?"

అప్పుడు వినలేదుగా, ఇప్పుడు వినండి.

దాన్ని తోడేలు పాము అంటారు. ముందు పళ్ళు కాస్త పొడుగ్గా, తోడేలు కోరల్లా ఉంటాయని ఆ పేరు. పేరు చూసి హడలిపోకండి, మనిషికి హాని చేసే విషం దానికి లేదు. ముఖ్యంగా బల్లుల్ని తింటుంది, అందుకే గోడలెక్కుతుంది, అందుకే మన ఇళ్ళ చుట్టూ తిరుగుతుంది. మా ఊళ్ళో దీనికి పేరే లేదు. పుట్టిన దగ్గర్నుంచి చచ్చేవరకూ అది కట్లపామే. ముదురు రంగు ఒంటి మీద అడ్డంగా తెల్ల చారలు, మసక వెలుతుర్లో అచ్చం కట్లపామే. దాని బతుకంతా ఆ పోలిక మీదే నడుస్తోంది. వేటాడే పిట్టో జంతువో చూసి ‘అమ్మో ఇదా, మనకెందుకు’ అని పక్కకి తప్పుకుంటే ఇంకో రాత్రి బతికినట్టు. అది ఒకరోజు కూర్చుని ఆలోచించి కుట్టించుకున్న చొక్కా కాదు. కాస్త పోలిక ఉన్నవి బతికాయి, లేనివి ఎవరి పొట్టలోకో పోయాయి, తరాల తరబడి అలా వడకట్టగా మిగిలిన వేషం అది.

చచ్చినదాన్ని పాత పేపరు మీద వేసుకుని మా అరుగు మీద కూర్చుని చూశాను. మా అత్తగారు లోపల్నుంచి "స్నానం చేసి గానీ లోపలికి రాకమ్మా" అన్నారు. సరే అన్నాను. మెడ దగ్గర మొదటి చార వెడల్పుగా, కొంచెం పసుపు తిరిగి ఉంది. నడుం దాటేసరికి చారలు సన్నబడ్డాయి. తోక దగ్గరికొచ్చేసరికి వెలిసిపోయి ఉత్త గోధుమరంగు. కట్లపాముకి ఇది తిరగబడి ఉంటుంది. మెడ దగ్గర చారలు సరిగా కనపడవు, కొంత దూరం పోయాక మొదలై తోక దాకా తేటగా, చాలావరకు జంటలు జంటలుగా ఉంటాయి. దాని వీపు మధ్యలో ఆరు మూలల పెద్ద పొలుసుల వరస ఒకటి ఉంటుంది. దీనికి అది లేదు. పొట్ట దగ్గర ఒకచోట ఉబ్బెత్తుగా ఉంది. పుల్లతో నొక్కితే గట్టిగా తగిలింది. బల్లి. అంటే వచ్చిన పని అయిపోయింది, దిగి పోబోతోంది. ఇంకో ఐదు నిమిషాలు ఎవరూ అటు చూడకపోతే దాని దారిన అది పోయేది.

ఇప్పుడొకడు తయారవుతాడు, ‘అయితే కట్లపామొస్తే హారతివ్వమంటారా మేడమ్’ అని. నాకు తెలీదా నాయనా? మన దేశంలో 2000 నుంచి 2019 లోపు పాముకాటుకి పోయినవాళ్ళు దాదాపు 12 లక్షలని లెక్కగట్టారు. ఏడాదికి సగటున 58 వేలు. కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పే తెలీదు. నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కరుస్తుంది, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. మంత్రగాడి దగ్గరికి కాదు, ఆసుపత్రికి పరిగెత్తండి అనీ, దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపుకుని పడుకోండి అనీ 22 ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నది నేనే. ఎవరు కడుతున్నారు? ‘ఉక్కపోతండీ’ అంటారు. రెండు మట్టలు విరిగేదాకా పామును కొట్టడానికి లేని ఉక్కపోత దోమతెర కట్టడానికొచ్చింది. ఏ పామో తెలీకపోతే దూరంగా నిలబడి పాములు పట్టేవాళ్ళకి ఫోను కొట్టడమే. అందులో హీరోయిజం లేదు, రీలు రాదు, అదీ బాధ.

పైగా ఇదే వీధి, ఇదే జనం, కార్తీకంలో నాగుల చవితికి తెల్లారగట్టే లేచి, తలంటుకుని, చిమ్మిలి, చలిమిడి పట్టుకుని పుట్ట దగ్గరికి బయల్దేరతారు. పుట్ట లోపలున్నప్పుడు సుబ్బారాయుడు, వసారాలోకొస్తే పలుగు. దేవుడికి కూడా అడ్రసు మారకూడదన్నమాట మా ఊళ్ళో. 2022 జూలై వరదల్లో లంకల్లో ఇళ్ళలోకి నీళ్ళతో పాటు పాములూ కొట్టుకొచ్చాయి. అప్పుడు కొట్టారంటే అర్థముంది, మనిషే అరుగు మీద ఇంత జాగాలో ముడుచుకుని కూర్చున్నాడు. ఇవాళ ఏ వరదొచ్చిందని?

ఈ వేషాల సంగతి లోకానికి చెప్పింది హెన్రీ వాల్టర్ బేట్స్ అని ఇంగ్లండులో ఒక మేజోళ్ళ వ్యాపారి కొడుకు. 1848లో అమెజాన్ అడవులకి పోయి 11 ఏళ్ళు సీతాకోకచిలుకలు పట్టుకుంటూ కూర్చున్నాడు. పిట్టలు ముట్టని జాతి మధ్యలో, సరిగ్గా అదే రంగులు వేసుకుని తిరిగే పరాయి జాతులు ఆయన కంటపడ్డాయి. 1862లో ఆ సంగతి అచ్చువేశాడు. అమెజాన్ దాకా ఎందుకు, మా పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి రండి. కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక అక్కడే గుడ్లు పెడుతుంది. చిన్న గొంగళి అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, కూరలోకి రెబ్బ తుంచబోయి ఎన్నిసార్లు మోసపోయానో. రెక్కలొచ్చాక మగది నల్లగా, రెక్కల మీద తెల్ల మచ్చల వరసతో ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి. కొన్ని మాత్రం కామన్ రోజ్ అనే వేరే జాతి వేషం, ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్ వేషం. ఆ రోజ్‌లు రెండూ చిన్నప్పుడు ఈశ్వరి తీగ జాతి ఆకులు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకున్నవి. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ వాటి జోలికిపోదు. మార్మన్‌లో విషం లేదు, చొక్కా మాత్రం ఉంది. ఆడా మగా తేడాని నడిపించే డబుల్‌సెక్స్ అనే జన్యువే ఈ వేషాన్ని కూడా నడిపిస్తోందని 2014లో తేల్చారు.

ఇది స్టాఫ్ రూములో చెబితే ఒక సార్ పకపకా నవ్వి, "ఆడాళ్ళకి మేకప్పు అక్కడ కూడా తప్పలేదన్నమాట" అన్నారు. ఉండండి సార్, అని సాలీడు కథ చెప్పాను. మామిడాకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలుంటాయి కదా, చెట్టెక్కిన ప్రతివాడికీ వాటి కాటు తెలుసు. వాటి దగ్గర్లోనే అచ్చం వాటిలాగే ఒక సాలీడు తిరుగుతూ ఉంటుంది. ముందు కాళ్ళు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తూ మిగతా ఆరింటితో నడుస్తుంది, ఎనిమిది కాళ్ళని లెక్క తెలియకూడదని. అందులో మగదానికి దవడలు ఎంత పొడుగంటే, చూసేవాళ్ళకి చీమ ఇంకో చీమని నోట కరుచుకుపోతున్నట్టు ఉంటుంది. "మేకప్పు ఎవరికెక్కువో చూసుకోండి సార్" అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాకు టీ పొయ్యడం మానేశారు. దిక్కుమాలిన టీ, పోనివ్వండి.

ఈ వేషాలకి ఒక షరతుంది. అసలువాళ్ళు ఎక్కువ, వేషగాళ్ళు తక్కువ ఉన్నంతకాలమే చెల్లుతుంది. వేషగాళ్ళు ఎక్కువైతే పిట్టకి తేడా తెలిసిపోతుంది, ‘ఓస్ ఇంతేనా’ అని రెండిట్నీ పొడుస్తుంది. పిట్ట మెదడు ఎంతుంటుందండీ? దానికే తెలిసిపోతుంది. మనకి మాత్రం తెలీదు. చేలో నీటిపామును కదిపితే మెడ బల్లపరుపుగా చేసి పడగ విప్పినట్టు నిలబడుతుంది. దాన్ని చూసి మా ఊరి మగాళ్ళు పంచెలు ఎగ్గట్టి పరిగెత్తి, కర్రలు తెచ్చి, చంపి, మీసం దువ్వుతారు. పడగ విప్పిన మనిషిని చూస్తే మాత్రం కుర్చీ వేస్తారు.

ఈ మాట రాయకూడదనుకున్నాను. ఇంతదూరం వచ్చాక ఆగలేను.

మూడేళ్ళ కిందట మా ఎకరం చేను పక్కన ఒక పెద్దమనిషి రొయ్యల చెరువు తవ్వాడు. ఉప్పునీళ్ళు బోదెలోకి వదిలేవాడు. ఆ సార్వాలో ఊడ్చిన వరి ఆకు కొసల నుంచి ఎర్రబడుతూ మాడిపోయింది, గట్టు పక్క పది సెంట్లు మొదట, తర్వాత సగం చేను. అడగడానికి మా ఆయన, నేను బయల్దేరేలోపు ఆయనే మా ఇంటికొచ్చాడు. తెల్ల కారు, ముందు అద్దం వెనకాల ఎర్ర బోర్డు. బోర్డు మీద ‘ప్రభుత్వ’ అని ఇంతింత అక్షరాలు. దిగుతూనే ఫోను చెవికి పెట్టుకుని "ఆ సార్, ఇక్కడే ఉన్నాను సార్, వీళ్ళతో మాట్లాడి చెప్తాను సార్" అన్నాడు. మా ఆయన కండువా సర్దుకున్నారు. మా మరిది చెట్టెక్కి బొండాలు దింపాడు. జీవశాస్త్రం టీచర్ని, అనుకరణ మీద నాలుగు మార్కుల ప్రశ్నలు దిద్దేదాన్ని, నేనే లోపల్నుంచి మంచి కుర్చీ తెచ్చి వేశాను. ఆయన బొండం తాగి, "అభివృద్ధికి అడ్డం పడకండమ్మా" అని సలహా చెప్పి వెళ్ళాడు. మేం వీధి దాకా వెళ్ళి సాగనంపాం కూడా.

కారు తిప్పుతుంటే మా చిన్నాడు, అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, బోర్డు కింద చీమ తలకాయంత అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ‘ప్రభుత్వ’ కింద ‘గుర్తింపునకు దరఖాస్తు చేసుకున్న సేవా సంఘం’ అని ఉందట. మెడ దగ్గర దిట్టంగా మొదలై తోక దగ్గర వెలిసిపోయిన చారలు! ముందు నేనే చూడాల్సింది. ఆ తర్వాత కాయితాలు పెట్టాం, తిరిగాం, చెప్పుల జతలు అరిగాయి, ఎవరూ ఆ చెరువు దగ్గరికి రాలేదు. ఎందుకంటే అక్కడ కూడా ఆ బోర్డు చూసి కుర్చీ వేస్తున్నారు. ఇప్పుడు మా మండలంలో ఏ బండి చూసినా ఏదో ఒక బోర్డో స్టిక్కరో. అసలువాళ్ళు ఎంతమందో, వేషగాళ్ళు ఎంతమందో లెక్క తీస్తే పిట్టలన్నీ ఎప్పుడో పొడిచెయ్యాలి. ఎవరూ పొడవలేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటారా? పొద్దున్న నేను అరుగు మీద పామును కొలుస్తుంటే అదే తెల్ల కారు మా వీధిలోకొచ్చింది. గుంపుని చూసి ఆగింది. అద్దం దిగింది. విషయం కనుక్కుని, మా శిష్యుడి భుజం తట్టి, "శభాష్‌రా అబ్బాయ్, విషప్పురుగుల్ని ఉంచకూడదు" అన్నాడు. వాడు పొంగిపోయి ఆయనతో సెల్ఫీ దిగాడు. నలుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఆ మహానుభావుడు తల ఇటు తిప్పి నావైపు చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. చేతిలో స్కేలు ఉంది. స్కేలుతో పాటే రెండు చేతులూ పైకి లేచాయి. "నమస్కారమండీ" అన్నాను.